మెట్ల ల్యాండింగ్‌లో నిలువెత్తు నైట్ విగ్రహం పెడదామనుకుంటున్నాం, మన గోదారి గాలికి ఇనుముదా ఫైబర్‌దా?

పాలకొల్లు_కాలవగట్టు:

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు పక్కన పల్లె. కొత్తగా డూప్లెక్స్ కట్టుకుంటున్నాం, పనులు చివరికొచ్చాయి, మాఘంలో గృహప్రవేశం. మెట్లు మలుపు తిరిగే చోట ల్యాండింగ్ కొంచెం పెద్దదే వచ్చింది, వెనక ఎత్తైన గోడ, పైన స్కైలైట్. అక్కడ ఏం పెట్టాలి అంటే ఇంట్లో తలో మాట, మా ఆవిడ బుద్ధుడంది, నాన్నగారు జత ఏనుగులన్నారు, మా పెద్దోడు మాత్రం నైట్ విగ్రహం పెడదాం నాన్నా అని ఒకటే పట్టు. అదేనండి, మధ్యయుగాల యూరప్‌లో గుర్రమెక్కి యుద్ధానికెళ్ళే యోధుడు, తల నుంచి కాలివేళ్ళ దాకా ఇనప కవచం. వాడు ఎనిమిదో తరగతి, నోటుబుక్కుల వెనక పేజీలన్నీ హెల్మెట్ బొమ్మలే. వాడు చూపించే ఫోటోలు చూసీ చూసీ నాకూ ఇష్టం పుట్టేసింది, మోచేతి దగ్గర ఆ రేకులు ఒకదాని కింద ఒకటి ఎలా జారేలా చేశారో చూస్తే ఆ పనివాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తది.

ఇప్పుడు నా సందేహాలు. ఆన్‌లైన్‌లో చూస్తే అడుగు, రెండడుగుల రెజిన్ బొమ్మలు బోలెడున్నాయి గానీ అంత గోడ ముందు అవి కనపడవు. ఆరడుగులవి ఇనప రేకుతో చేసినవి ఉన్నాయి, డెహ్రాడూన్ వైపు నుంచి వస్తాయంట, చూడ్డానికి బాగున్నాయి, కానీ మాకు సముద్రం దగ్గర, కిటికీ గ్రిల్స్‌కే ఏటా రంగు వేయకపోతే పెచ్చులు లేచిపోతాయి, మరి ఈ కవచం పరిస్థితేంటి? ఫైబర్‌లో చేయించుకోవచ్చని ఇంకొకరన్నారు, అది ప్లాస్టిక్ బొమ్మలా తేలిపోదా అని నా అనుమానం. ఇంకోటి, ఏది పడితే అది కొంటే మావాడు ఒప్పుకోడు, ఈ హెల్మెట్‌కి ఆ ఛాతీ కవచం కలవదు అంటాడు, ఏది ఏ కాలానిదో చూసుకోవడం ఎలాగో తెలిసినవాళ్ళు చెప్పాలి. చివరగా మా అమ్మ, కత్తి పట్టుకున్న బొమ్మ ఇంట్లో ఉంటే మనశ్శాంతి ఉండదు అంటోంది, ఆవిడ మాట కాదని పెట్టడం నాకిష్టం లేదు. సలహాలు చెప్పండి ప్లీజ్.

సఖినేటిపల్లి_రేవు:

ఇనుము జోలికి వెళ్ళేముందు నా మాట ఒకసారి వినండి. అంతర్వేది రోడ్డులో మా మావయ్య గారింట్లో ఇలాంటి ఇనప కవచమే ఒకటి ఉంది, హైదరాబాద్ నుంచి తెప్పించారు, హాల్లో తలుపు పక్కనే నిలబెట్టారు. తుప్పు ఎక్కడ మొదలవుద్దో తెలుసా, పైన మెరిసే చోట కాదు, రేకు మీద రేకు ఎక్కే చోట, రివెట్ తల కింద, మోకాలి మడత లోపల. అక్కడ చెమ్మ చేరితే ఆరదు, గాల్లో ఉప్పు ఎలాగూ ఉంది, ముందు సన్నగా ఎర్ర గీత కనపడుద్ది, ఒక వర్షాకాలం పోయేసరికి ఆ గీత వెంబడే కారినట్టు మరకలు దిగుతాయి. లోపల బిగించిన తోలు పట్టీలైతే ఇంకా ముందే పోయాయి, తెల్లగా బూజు పట్టి, బకిల్ దగ్గర పెళుసైపోయి తెగిపోయాయి.

అయినా ఇనుమే కావాలంటే కొన్ని జాగ్రత్తలు చెప్తాను. రేకు 18 గేజ్ కన్నా పల్చగా లేకుండా చూసుకోండి, గేజ్ నంబర్ పెరిగేకొద్దీ రేకు పల్చనవుద్ది, అంతకన్నా పల్చనివి చెయ్యి తగిలితే సొట్ట పడతాయి. వచ్చిన వెంటనే విడదీయగలిగినంత వరకూ విడదీసి ప్రతి ముక్క లోపలి వైపు కూడా ఆయిలో మైనమో రాయాలి, అందరూ పైన రాసి వదిలేస్తారు, లోపల నుంచే తినేస్తది. మ్యూజియాలవాళ్ళు వాడే మైనం ఒకటుంది, రెనైసాన్స్ వాక్స్ అంటారు, 1950లలో బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్‌లో తయారుచేసింది, పల్చగా రాసి గుడ్డతో రుద్దితే చెమ్మ లోపలికి పోనివ్వదు. అది దొరక్కపోతే కుట్టుమిషను నూనె మెత్తటి గుడ్డకి అద్ది తుడవండి. కోనసీమలో ఉన్నాం కదా అని కొబ్బరినూనె మాత్రం రాయకండి, కొన్నాళ్ళకి ముక్క వాసనొచ్చి, దుమ్ము పట్టి జిగురైపోద్ది, ఆ జిగురు గీకడానికి మళ్ళీ కిరసనాయిలు పెట్టాలి. వట్టి చేత్తో ముట్టుకోకుండా చూడండి, వేలిముద్ర పడ్డచోటే చెమట ఉప్పుకి తుప్పు మచ్చ లేస్తది, మా మావయ్య గారి కవచం ఛాతీ మీద చిన్నపిల్లోడి అయిదు వేళ్ళూ అలాగే ఉండిపోయాయి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. హెల్మెట్ లోపల ఖాళీగా ఉంటది కదా, కంటి సందులోంచి కుమ్మరి పురుగు దూరి మట్టి గూడు కట్టేస్తది. కందిరీగలైతే ఇంకా ప్రమాదం. కంటి సందుకీ, గాలి కన్నాలకీ లోపల వైపు నుంచి దోమల జాలి ముక్క నల్ల రంగు వేసి అంటించేయండి, బయటికి కనపడదు.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర అంటున్నారు కాబట్టి నేనైతే ఫైబర్‌కే ఓటేస్తాను.

రాజమండ్రి_కోటిలింగాలరేవు:

ముందు మీ అబ్బాయికి నా తరఫున శభాష్ చెప్పండి, హెల్మెట్‌కీ ఛాతీ కవచానికీ కాలం కలవాలి అని ఆలోచించే పిల్లాడు దొరకడం గొప్ప. బజార్లో అమ్మే వాటిల్లో చాలావాటితో గొడవ సరిగ్గా అదే, తల ఒక శతాబ్దానిది, ఒళ్ళు ఇంకో శతాబ్దానిది, చేతిలో ఆయుధం ఇంకెవరిదో.

మన చరిత్ర పక్కన పెట్టి చూస్తే తేలిగ్గా గుర్తుంటది. ఓరుగల్లులో రుద్రమదేవి ఏలిన కాలం తీసుకోండి, 1262 నుంచి 1289. ఆ రోజుల్లో యూరప్ నైట్‌కి ఒంటినిండా రేకు కవచం లేదు. చిన్న చిన్న ఇనప రింగులు ఒకదాంట్లో ఒకటి గుచ్చి, ఒక్కో రింగుకీ రివెట్ కొట్టి అల్లిన చొక్కా, దాని మీద గుడ్డ అంగీ, తల మీద బొక్కెన బోర్లించినట్టుండే పెద్ద హెల్మెట్, అంతే. ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ 1270లో ట్యునీస్ దగ్గర చనిపోయిన క్రూసేడ్‌లో, అంటే క్రైస్తవుల మతయుద్ధంలో, ఉన్నవాళ్ళు ఇలాగే ఉండేవాళ్ళు. 14వ శతాబ్దంలో మోకాలికీ మోచేతికీ ఛాతీకీ రేకులు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మీ అబ్బాయి గీసే తల నుంచి కాలి దాకా మెరిసే పూర్తి కవచం 15వ శతాబ్దం సరుకు, అంటే ఇక్కడ మన రాజమహేంద్రవరంలో రెడ్డిరాజుల కొలువులో శ్రీనాథుడు ఉన్న రోజులు. అప్పుడు ఈ పనిలో పేరెత్తితే ముఖ్యంగా రెండు వైపులు, ఇటలీలో మిలాన్, జర్మనీ వైపు ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్.

రెంటికీ తేడా చూడగానే తెలుస్తది. మిలాన్‌ది గుండ్రంగా, నున్నగా, బరువైన ఒంపులతో ఉంటది. జర్మన్ వాళ్ళది, దాన్ని గోథిక్ అంటారు, నడుం సన్నం, రేకు మీద విసనకర్ర మడతల్లా గీతలు, మోచేతులూ బూట్లూ మొన తేలి ఉంటాయి. ఆగ్స్‌బర్గ్‌లో లోరెంజ్ హెల్మ్‌ష్మిడ్ అనే ఆయన 1484 ప్రాంతంలో టిరోల్ పాలకుడు సిగిస్మండ్‌కి చేసిన కవచం వియన్నా మ్యూజియంలో ఉంది, దాని ఫోటో చూస్తే గోథిక్ అంటే ఏంటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. మిలాన్ పనికి గ్లాస్గోలో ఉన్న అవాంట్ కవచం చూడండి, 1440 ప్రాంతంలో చేసింది, అంత పాతదై అంత పూర్తిగా మిగిలినవి ప్రపంచంలో చాలా తక్కువ.

ఇప్పుడు అసలు కిటుకు. మంచి మిలాన్ కవచానికి ఎడమా కుడీ ఒకేలా ఉండవు. ఎడమ భుజం రేకు పెద్దది, ఎడమ మోచేతి రేకు ఇంకా పెద్దది, ఎందుకంటే గుర్రం మీద ఎదురుగా వచ్చేవాడి దెబ్బ ఎక్కువ పడేది ఆ వైపే, కళ్ళెం పట్టుకునేదీ ఆ చెయ్యే. కుడి భుజం రేకు చంక దగ్గర కోసి ఉంటది, బల్లెం బిగించుకోవడానికి చోటు కావాలి కదా. ఛాతీకి కుడి పక్కన బల్లెం ఆన్చుకునే కొక్కెం ఒకటి ఉంటది. చవక విగ్రహాలన్నీ అద్దంలో చూసినట్టు రెండు వైపులా ఒకేలా చేసేస్తారు. మీరు కొనేదాంట్లో ఈ తేడా ఉందో లేదో చూసుకోండి, చేసినవాడు అసలు కవచం చూసి చేశాడో లేదో అక్కడే తెలిసిపోద్ది.

చేతిలో ఆయుధం కూడా చూడాలి. గొడ్డలీ బల్లెం కలిపినట్టుండే హాల్బర్డ్ అనే పొడుగాటి ఆయుధం పట్టిస్తారు చాలామంది, అది కాలిబంటులది, స్విట్జర్లాండ్ సైనికులు దాంతోనే నైట్‌లని గుర్రాల మీంచి లాగి పడేసేవాళ్ళు. నైట్‌కి పొడవాటి కత్తి పెట్టండి, చాలు. నిజం ఉక్కు కత్తి పెట్టేటట్టయితే పదును లేనిదే తీసుకోండి, పదునున్నవి ఆర్మ్స్ యాక్ట్ కిందకొస్తాయి.

సఖినేటిపల్లి_రేవు:

కోటిలింగాలరేవు గారూ, అంత బరువు వేసుకుని వాళ్ళు ఎలా కదిలేవాళ్ళండి? గుర్రం ఎక్కించడానికి క్రేన్ లాంటిది వాడేవాళ్ళని ఎక్కడో విన్నాను.

రాజమండ్రి_కోటిలింగాలరేవు:

అది కట్టుకథండి. యుద్ధానికి వేసుకునే కవచం మొత్తం కలిపి 20 నుంచి 25 కిలోలు, ఆ బరువు ఒక్క భుజాల మీదే కాకుండా ఒళ్ళంతా పరుచుకుని ఉంటది, కాలి రేకులు కాలికే, చేతి రేకులు చేతికే కట్టి ఉంటాయి. పరిగెత్తేవాళ్ళు, ఎవరి సాయం లేకుండా గుర్రం ఎక్కేవాళ్ళు. ఫ్రాన్స్‌లో బూసికో అని ఒక మార్షల్ ఉండేవాడు, 1415లో అజెన్‌కోర్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకి దొరికిపోయాడు, ఆయన కవచంతో నిచ్చెన వెనక వైపు నుంచి ఒట్టి చేతులతో పాకేవాడని ఆయన బతికుండగానే రాసిన జీవితచరిత్రలో ఉంది. ఆటల పోటీలకి, అంటే గుర్రాల మీద ఎదురెదురుగా బల్లేలతో గుద్దుకునే పోటీలకి వేసుకునేవి మాత్రం బాగా బరువు, అవి యుద్ధానికి పనికిరావు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే విగ్రహం నిలబడే తీరుకి దీంతో సంబంధం ఉంది. నైట్ అంటే కదల్లేక కర్రలా బిగుసుకుపోయి నిలబడతాడు అనుకుని చేస్తే బొమ్మకి ప్రాణం ఉండదు. ఒక కాలి మీద బరువు వేసి, రెండో మోకాలు కొద్దిగా వదులుగా, భుజాలు తేలిగ్గా ఉండాలి. చేయించుకునేటట్టయితే ఈ ఒక్క మాట శిల్పికి గట్టిగా చెప్పండి.

నిడదవోలు_చెరుకుతోట:

వేరే అభిప్రాయం చెప్తాను, ఏమీ అనుకోకండి. యూరప్ యోధుడెందుకండి, రుద్రమదేవినే పెట్టుకోవచ్చు కదా. ఆవిడ మన నిడదవోలు కోడలు, ఇక్కడి చాళుక్య వీరభద్రుడిని చేసుకుంది. గుర్రం మీద ఆవిడ విగ్రహం ఉంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకోవడానికి ఒక కథ ఉంటది. పిల్లలకి మన వాళ్ళ గురించి తెలియాలి, నా బాధ అది.

పాలకొల్లు_కాలవగట్టు:

చెరుకుతోట గారూ, మీ బాధ నాకు అర్థమైందండి, మంచి మాటే చెప్పారు. మావాడికి కాకతీయుల గురించి కూడా నేనే చెప్పాను, వాడికి రుద్రమదేవి అంటే గౌరవం ఉంది. కానీ వాడు ఇన్నాళ్ళు కూర్చుని నేర్చుకున్నది ఈ కవచాల సంగతి, వాడి ఇష్టం వాడింట్లో కనపడాలని నా కోరిక. పై హాల్లో ఇంకో గోడ ఖాళీగా ఉంది, అక్కడ ఆవిడ విగ్రహం గురించి తప్పకుండా ఆలోచిస్తాం, రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఇంకా బాగుంటది.

కొత్తపేట_అచ్చు:

నేను ఫైబర్ విగ్రహాల పనిలో ఉన్నాను, కొత్తపేట. మా ఊరి విగ్రహాలు మీరు చూసే ఉంటారు, ఈ రెండు గోదావరి జిల్లాల్లో ఏ సెంటర్లో నాయకుడు నిలబడ్డా అందులో చాలావరకు మా వైపు చేతులే. గుర్రం మీద కాటన్ దొర ఊరూరా ఉన్నాడు కదా, ఆయనకీ 1861లో నైట్ బిరుదు ఇచ్చారు కాబట్టి నైట్ విగ్రహాలు మన డెల్టాకి కొత్త కాదు, కవచం ఒక్కటే కొత్త.

ఫైబర్ అంటే ప్లాస్టిక్ బొమ్మలా తేలిపోద్దని మీరన్నారు, అది పూతని బట్టి ఉంటదండి. ఎలా చేస్తామో చెప్తే మీకే తెలుస్తది. ముందు ఇనప చువ్వల అస్థిపంజరం కట్టి దాని మీద బంకమట్టితో మనిషెత్తు మోడల్ చేస్తాం. మీరు, మీ అబ్బాయి వచ్చి చూసి మార్పులు చెప్పాల్సింది ఆ దశలోనే, మట్టిలో ఉండగా భుజం పెంచాలన్నా మడత తిప్పాలన్నా బొటనవేలితో పని అయిపోద్ది, అచ్చు తీశాక కాదు. తర్వాత ప్లాస్టర్‌తో ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తాం. అచ్చు లోపల మైనం పట్టించి జెల్ కోట్, అంటే విగ్రహానికి పైకి కనపడే మొదటి రెజిన్ పొర, వేస్తాం, అది ఆరాక ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్‌లో హార్డనర్ కలిపి బ్రష్‌తో పొడుస్తూ తడుపుతాం, గాలి బుడగ ఒక్కటి ఉండకూడదు, ఉంటే కొన్నేళ్ళకి అక్కడే పెచ్చు లేస్తది. రెండు పొరలు ఒంటికి, కాళ్ళకీ చీలమండలకీ మూడు.

మామూలుగా అయితే దీని మీద పుట్టీ పెట్టి ప్రైమర్ కొట్టి వెండి రంగు స్ప్రే చేసి ఇచ్చేస్తారు, మీరు భయపడే ప్లాస్టిక్ లుక్ అలా చేస్తేనే వస్తది. కవచానికి అలా చేయకూడదు. మొదటి జెల్ కోట్‌లోనే అల్యూమినియం పొడి బాగా దట్టంగా కలపాలి. అచ్చు విప్పాక పైకి మసక బూడిద రంగులో ఏమీ లేనట్టు ఉంటది, అప్పుడు సన్నటి స్టీల్ ఊల్ పెట్టి రుద్దుకుంటూ పోతే పైపొర రెజిన్ అరిగి లోపలున్న లోహం పొడి బయటపడుద్ది, అది రంగు కాదు, నిజం లోహమే మెరుస్తది. ఉబ్బెత్తు చోట్ల బాగా రుద్ది, మడతల్లో నల్ల రంగు పల్చగా తోలి గుడ్డతో తుడిచేస్తే మూలల్లో మాత్రం నలుపు మిగిలి వందల ఏళ్ళ నాటి ఉక్కులా కనపడుద్ది. రివెట్లు మాత్రం పోతలో వద్దు, నిజం ఇత్తడి రివెట్లే తర్వాత కొట్టించుకోండి, అజ్జరం పక్కనే కదా, ఇత్తడి పనికి వాళ్ళని మించినవాళ్ళు లేరు. ఆ పసుపు చుక్కలు బూడిద రంగు మీద పడేసరికి చూసేవాళ్ళు ఇది ఫైబర్ అంటే నమ్మరు.

టైమ్ సంగతి ముఖ్యం. ఇప్పుడు ముసురు, గాల్లో చెమ్మ ఉన్నప్పుడు రెజిన్ సరిగ్గా గట్టిపడదు, పైన జిగురుగా ఉండిపోద్ది, మ్యాట్ తడి పీలిస్తే తెల్లమచ్చలొస్తాయి. ఈ వానల్లో మట్టి మోడల్ చేయించుకుని, కార్తీకం దాటాక పోత పోయించుకుంటే మాఘానికి నిలబెట్టేయొచ్చు. తొందరపెట్టి ఇప్పుడే పోయమంటే పోసేవాళ్ళు దొరుకుతారు గానీ పని నిలవదు.

భీమవరం_రెండోపట్నం:

బాబూ, మీ అమ్మగారి గురించి రాశారు కాబట్టి నేనూ ఒక మాట చెప్తాను, నేనూ ఆ వయసుకి దగ్గర్లో ఉన్నదాన్నే. మాకు కత్తి అంటే భయం కాదమ్మా, ఎత్తిన కత్తి అంటే భయం. ఇంట్లో అడుగుపెట్టగానే ఎవరో మన మీదకి లేచినట్టు ఉండకూడదు అని. దసరాకి ఆయుధాలకి పూజ చేసేదీ మనమే కదా. మీ విగ్రహంలో కత్తి మొన కిందకి దించి, నేల మీద ఆన్చి, రెండు చేతులూ పిడి మీద పెట్టుకుని నిలబడేలా చేయించండి, అప్పుడు అది కొట్టేవాడిలా కాదు, కాపలా కాసేవాడిలా ఉంటది. హెల్మెట్ ముసుగు పూర్తిగా మూసేసి ఉంటే రాత్రిపూట లేచినవాళ్ళకి గుండె దడ, కొంచెం పైకెత్తి లోపల ముఖం కనపడేలా ఉంటే మంచిది. దేవుడి గదికి ఎదురుగా మాత్రం వద్దు. ముఖ్యంగా, అమ్మగారిని ఆ మట్టి మోడల్ చూపించడానికి మీతో తీసుకెళ్ళండి. ఆవిడ చెప్పిన మార్పు ఒకటైనా అందులో పడితే తర్వాత ఇంటికొచ్చినవాళ్ళకి ఆవిడే దగ్గరుండి చూపిస్తారు.

రాజమండ్రి_కోటిలింగాలరేవు:

అత్తయ్య గారు చెప్పింది చరిత్ర ప్రకారం కూడా సరిగ్గా సరిపోద్దండి, కత్తి దించి నిలబడ్డం నైట్‌కి చక్కగా కుదిరే భంగిమ. ముఖం కనపడేలా అంటే ఒక మాట గుర్తొచ్చింది, జర్మనీలో మాగ్డెబర్గ్ చర్చిలో సెయింట్ మారిస్ విగ్రహం ఉంది, 13వ శతాబ్దం మధ్యలో చెక్కింది, రింగుల కవచం తొడుక్కున్న నల్లజాతి నైట్. ముఖం చుట్టూ రింగుల టోపీ, పెదాలూ ముక్కూ ఎంత నిజంగా చెక్కారో. మీ అబ్బాయికి చూపించండి, నైట్ అంటే ఒకే రకం ముఖం కాదని తెలుస్తది. కొత్తపేట శిల్పికి ముఖం చెక్కడానికి కూడా మంచి నమూనా.

ఇళ్ళలో కవచాలు నిలబెట్టే మోజు బాగా పెరిగింది 19వ శతాబ్దంలో, నైట్‌లు పోయిన ఎన్నో తరాలకి. ఆ మోజు ఎంతదాకా వెళ్ళిందంటే 1839లో స్కాట్లాండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు నిజం కవచాలతో పాతకాలం పోటీ ఒకటి పెట్టాడు, లక్షమంది దాకా జనం వచ్చారంటారు, తీరా మొదటిరోజే కుండపోత వాన పడి మైదానం అంతా బురదైపోయింది. అప్పటి ధనవంతులకి నిజం కవచాలు చాలక లండన్‌లో వ్యాపారులు కొత్తవి చేయించి పాతవని అమ్మేవాళ్ళు. కాబట్టి మీరు కొత్తది చేయించుకుంటున్నందుకు ఎవరైనా ఇది నకిలీ కదా అంటే మనసు పాడు చేసుకోకండి, రెండొందల ఏళ్ళ నుంచి ఇళ్ళలో నిలబడ్డవాటిల్లో చాలా భాగం ఇలా కొత్తగా చేయించినవే. ఎంత శ్రద్ధగా చేశారన్నదే చూడాలి.

ముమ్మిడివరం_లంక:

మాది లంక ఊరు, వరద ప్రతి ఏడాదీ పలకరిస్తది, 2022 జూలైలో మా హాల్లో నడుం లోతు నీళ్ళు. మీది ల్యాండింగ్ అంటున్నారు కాబట్టి పర్లేదు గానీ ఇది చదివే వేరేవాళ్ళ కోసం రాస్తున్నా. కింద ఫ్లోర్‌లో ఫైబర్ విగ్రహం పెడితే తప్పకుండా బిగించండి, లోపల బోలు కదా, నీళ్ళొస్తే తేలి తలుపులు గుద్దుకుంటూ తిరుగుద్ది. ఇనుముదైతే తేలదు గానీ లోపల ఒండ్రు చేరిపోయి కడగడానికి వీలుండదు.

పాలకొల్లు_కాలవగట్టు:

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మా ఇంట్లో అందరం కూర్చుని థ్రెడ్ మొత్తం చదివాం. ఫైబర్‌కే ఫిక్స్ అయిపోయాం, అల్యూమినియం పొడి పద్ధతిలో. మావాడు మిలాన్ కవచం కావాలన్నాడు, ఎడమ భుజం పెద్దది, కుడి వైపు కొక్కెం, అన్నీ అప్పుడే కాగితం మీద గీసేశాడు. అమ్మకి రెండోపట్నం అత్తయ్య గారి మాట చదివి వినిపించాను, మొన కిందకి ఉంటే నాకేం అభ్యంతరం లేదురా అంది, పైగా ముఖం నవ్వుతూ ఉండాలంట. కొద్దిగా, పెదవి చివర మాత్రం, అని మావాడితో బేరం కుదిరింది.

అచ్చు గారూ, మీకు రెండు ప్రశ్నలు. మా మెట్లు మూడడుగుల వెడల్పే, రెయిలింగ్ అప్పటికి వేసేస్తారు, ఆరడుగుల విగ్రహం మలుపు తిప్పి పైకి ఎక్కుద్దా? రెండోది, చిన్నోడికి మూడేళ్ళు, వాడు కాలు పట్టుకుని ఊగినా పడకుండా ఎలా బిగించాలి? కింద గ్రానైట్ వేసేశాం, దానికి కన్నాలు పెట్టడానికి మేస్త్రి భయపడుతున్నాడు.

కొత్తపేట_అచ్చు:

ఎక్కుద్దండి, కానీ ఒకే ముక్కగా కాదు. నడుం దగ్గర బెల్టు వస్తది కదా, అతుకు దాని కింద పెట్టించి రెండు ముక్కలుగా పోయించుకోండి, చేతులూ కత్తీ విడిగా. లోపల చదరపు ఇనప పైపు ఒకదాంట్లో ఒకటి దూరేలా ఉంటది, పైన కూర్చోబెట్టి బోల్టు బిగించి బెల్టు తొడిగితే అతుకు కనపడదు. ఆ పైపుకి జింక్ ప్రైమర్ రెండు కోట్లు అడిగి మరీ వేయించండి, లోపలిది ఎవరికీ కనపడదు కదా అని వదిలేస్తారు.

బిగించడానికి గ్రానైట్ ముట్టుకోవక్కర్లేదు. బూట్లలో ఇసుకా సిమెంటూ పోసి బరువు కిందకి తెస్తాం, అది సగం పని. మిగతా సగం వెనక గోడకి, భుజాల ఎత్తులో పైపు నుంచి ఒక క్లాంపు తీసి 10 ఎమ్ఎమ్ యాంకర్ బోల్టులు రెండు. ఆ గోడలో కరెంటు పైపు ఎక్కడుందో ఎలక్ట్రీషియన్‌ని ఇప్పుడే అడిగి పెన్సిల్‌తో గుర్తు పెట్టించుకోండి, రంగులు వేశాక వెతుక్కోవడం కష్టం. మెట్ల వెడల్పు, ల్యాండింగ్ కొలత, గోడ ఎత్తు ఒక కాగితం మీద రాసుకుని, మీ అబ్బాయి గీసిన బొమ్మ కూడా పట్టుకుని వినాయక చవితి సీజన్ రద్దీ తగ్గాక రండి.